చందాకు తీసుకున్న జీన్స్: కుట్టుది ఒక మాట, ఒప్పందానిది మరో మాట

ఈ సమీక్ష ఒక జీన్స్ ప్యాంటు గురించి, దానిని నా చేతికి ఇచ్చిన సేవ గురించి కూడా. ఈ ప్యాంటును నేను కొనలేదు. నెలనెలా చందా కడుతూ పన్నెండు నెలలు వాడుకొనే ఒప్పందం మీద తీసుకున్నాను. ఒప్పందం నడిచినంత కాలం బట్ట మీద హక్కు తయారీ సంస్థదే. చిరిగితే ఉచితంగా బాగుచేసి ఇవ్వవలసిన బాధ్యత కూడా దానిదే. ఏడాది నిండాక మూడు దారులు ఉంటాయి: తిరిగి పంపి చందా ముగించుకోవచ్చు, తిరిగి పంపి కొత్తది తీసుకోవచ్చు, లేదా ఉన్నదానినే సొంతం చేసుకోవచ్చు. ఫ్యాషన్ పరిశ్రమలో సర్క్యులర్ వ్యాపారం (వస్తువును పారేయకుండా బాగుచేస్తూ, మళ్ళీ మళ్ళీ వాడుతూ, చివరికి తిరిగి ముడిసరుకుగా మార్చే వ్యాపారం) అనే మాట ఇప్పుడు ప్రతి సంస్థ వార్షిక నివేదికలోనూ కనిపిస్తోంది. ఆ మాట వెనుక ఉన్న పని ఎంతవరకు నడుస్తోందో ఒంటి మీద వేసుకొని చూద్దామని ఒకే రకం ప్యాంట్లు రెండు తీసుకున్నాను. గడువు ముగిశాక ఒకటి తిరిగి పంపాను, మరొకటి ఉంచుకున్నాను. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ పద్ధతిలో వ్యాపారం ఎవరు పెట్టినా ఎదురయ్యేవే.

వస్తువును అమ్మకుండా దాని వాడకాన్ని అమ్మడం కొత్త ఆలోచన కాదు. వస్తువుల ఆయుష్షును పెంచితే ముడిసరుకూ ఇంధనమూ ఆదా అవుతాయనీ, బాగుచేసే పనుల్లో ఉపాధి పెరుగుతుందనీ స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ స్టాహెల్ మరొకరితో కలిసి 1976లోనే యూరోపియన్ కమిషన్‌కు రాసిన నివేదికలో వాదించారు. జీన్స్ విషయంలో ఆ వాదనను ఆచరణలో పెట్టినవారిలో నెదర్లాండ్స్‌కు చెందిన మడ్ జీన్స్ ముందు వరుసలో ఉంది. 2012లో మొదలైన ఆ సంస్థ మరుసటి ఏడాదే జీన్స్‌ను లీజుకు ఇవ్వడం ప్రారంభించింది. నేను తీసుకున్న సేవ కూడా దాదాపు ఆ బాటలోనే నడుస్తుంది.

ముందుగా బట్ట సంగతి. ఈ ప్యాంటులో ఏం మారిందో తెలియాలంటే దానిని తిరగేసి చూడాలి. మామూలు జీన్స్‌కు జేబుల మూలల్లో కొట్టే లోహపు రివిట్లు దీనికి లేవు. వాటి చోట దారంతోనే దట్టంగా అడ్డకుట్లు వేశారు. నడుము పట్టీ వెనుక తోలు ముక్క లేదు; సంస్థ గుర్తును నేరుగా బట్ట మీదే అచ్చు వేశారు. లోపలి లేబుల్ కూడా కుట్టినది కాదు, అచ్చు వేసినదే. నడుము గుండీ సుత్తి దెబ్బతో శాశ్వతంగా బిగించినది కాదు, మర తిప్పి ఊడదీయగలిగినది. తొడుక్కొనేవారికి వీటిలో ఏ ఒక్కటీ పెద్ద తేడాగా తోచదు. పాత జీన్స్‌ను చీల్చి మళ్ళీ పీచుగా మార్చే చోట మాత్రం పరిస్థితి వేరు. అక్కడ మొట్టమొదట చేయవలసిన పని లోహాన్నీ తోలునీ కోసి అవతల పారేయడం. అలా కోసినప్పుడు రివిట్టు చుట్టూ, పట్టీ చుట్టూ ఉన్న మంచి బట్ట కూడా వాటితో పాటే చెత్తలోకి పోతుంది. ఒక్క ప్యాంటు దగ్గర ఆదా అయ్యేది కొన్ని క్షణాలూ, బెత్తెడు గుడ్డే కావచ్చు. టన్నుల లెక్కన సరుకు వచ్చిపడే చోట లాభనష్టాలను తేల్చేవి ఆ క్షణాలే.

ఈ మార్పులు సంస్థ సొంతంగా కనిపెట్టినవి కావు. సర్క్యులర్ పద్ధతుల కోసం పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2019లో ప్రారంభించిన 'జీన్స్ రీడిజైన్' ప్రణాళిక మార్గదర్శకాల్లో ఉన్నవే. బట్ట బరువులో కనీసం 98 శాతం పత్తి వంటి సెల్యులోజ్ పీచు ఉండాలనీ, ఇంట్లో కనీసం 30 సార్లు ఉతికినా నాణ్యత నిలవాలనీ, రివిట్లను తీసేయాలనీ లేదా బాగా తగ్గించాలనీ, రాళ్ళతో ఉతకడం, ఇసుక చిమ్మడం, పొటాషియం పర్మాంగనేట్ చల్లడం వంటి పద్ధతుల్లో కొత్త బట్టకు పాతరూపు తేకూడదనీ ఆ మార్గదర్శకాలు చెబుతాయి. నా దృష్టిలో వీటన్నిటిలో కష్టమైనది 98 శాతం నిబంధన. నేడు అమ్ముడయ్యే జీన్స్‌లో చాలా వాటికి సాగే గుణం ఉండడానికి కారణం అందులో కలిపే ఎలాస్టేన్ పోగు. అది రెండు మూడు శాతమే ఉన్నా బట్టను చీల్చే యంత్రాల్లో చుట్టుకుపోతుంది, వేడికి మెత్తబడి అంటుకుంటుంది, రసాయనాలతో పత్తిని కరిగించే పద్ధతుల్లోనూ అడ్డు తగులుతుంది. దానిని తీసేస్తే బట్టకు సాగుడు పోతుంది. ఆ మూల్యం చెల్లించేది తొడుక్కొనేవారే.

నేనూ చెల్లించాను. మొదటి రెండు వారాలు ఈ ప్యాంటుతో నేల మీద కూర్చోవడం ఒక చిన్న వ్యాయామమే అయింది. మోకాళ్ళ వెనుక బట్ట అట్టలా నిలబడేది. మూడో ఉతుకు తరువాత మెత్తబడడం మొదలైంది, రెండో నెల చివరికి ఒంటి తీరుకు కుదిరింది. ఒకసారి అలా కుదిరాక, సాగే జీన్స్ వదులై మోకాళ్ళ దగ్గర సంచుల్లా వేలాడినట్టు ఇది వేలాడలేదు. చందా తీసుకోబోయేవారు ఆ మొదటి రెండు వారాలను బట్టి తీర్పు చెప్పవద్దని నా మనవి. సంస్థ కూడా ఈ మాటను పెట్టెలో ఒక చీటీ మీద రాసి పెట్టి ఉండవలసింది. అలా రాయకపోవడం వల్ల ఎంతమంది మొదటి వారంలోనే వెనక్కి పంపుతున్నారో ఊహించగలను, అలా వెనక్కి వెళ్ళే ప్రతి పెట్టెకూ రెండు వృథా ప్రయాణాలు.

ఏడాది పాటు ఒక పుస్తకంలో లెక్క రాసుకున్నాను. తిరిగి పంపిన ప్యాంటును 118 సార్లు తొడుక్కొని 19 సార్లు ఉతికాను. ఉంచుకున్నదానిని 131 సార్లు తొడుక్కొని 21 సార్లు ఉతికాను. రంగు సమంగా వెలిసింది, కుట్లలో ఎక్కడా దారం తెగలేదు, అడ్డకుట్లు రివిట్ల లోటు తెలియనివ్వలేదు. ఈ లెక్క వల్ల ఒక విషయం స్పష్టమైంది. మార్గదర్శకాలు చెప్పే 30 ఉతుకుల పరీక్ష నా వాడకంలో ఏడాదిన్నరకు సమానం. జీన్స్ అనేది పుట్టుకతోనే మొరటు పని కోసం నేసిన బట్ట. దాని మన్నికకు ఏడాదిన్నరను గీతగా పెట్టడం చాలా దయగల పరీక్ష. మార్గదర్శకాలు దానిని కనీస స్థాయిగానే పేర్కొన్నాయి, నిజమే. అయితే కనీస స్థాయిని దాటామని చెప్పుకొనే ప్రచారంలో ఆ 'కనీసం' అనే మాటే ముందుగా జారిపోతుంది.

బట్టలో నాకు కనిపించిన అసలు లోపం జేబుల్లో ఉంది. పైన అంతా పత్తే. జేబు సంచి గుడ్డ మాత్రం చేతికి కాస్త జారుడుగా తగలడంతో అనుమానం వచ్చి, కుట్టు అంచు నుంచి నాలుగు పోగులు లాగి నిప్పుకు పెట్టి చూశాను. పత్తి పోగు కాగితం కాలిన వాసనతో మండి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. నాకు బూడిదలో చిన్న పూసలు దొరికాయి, అంటే జేబు గుడ్డ రెండూ కలిపి నేసినదన్నమాట. దుకాణాల్లో జేబు సంచులకు ఇది మామూలే, గట్టిగా ఉంటుంది, చవక. మొత్తం బరువులో దాని వాటా తక్కువ కనుక శాతాల లెక్కను ఎలా చూపారో నేను తేల్చలేను, కానీ తోలు ముక్కను తీసేసినందుకు ఒక పేజీ నిండా చెప్పుకున్నవారు జేబు గురించి ఒక వాక్యం రాయలేకపోయారు. కుట్టు దారం కూడా పత్తి కాదు, మన్నిక కోసం పాలిస్టరే వాడారు. దారం విషయంలో నాకు అంత అభ్యంతరం లేదు. పత్తి దారం పదునైన వంపుల దగ్గర త్వరగా తెగుతుంది, తెగితే ప్యాంటు ఆయుష్షే తగ్గుతుంది. నిర్ణీత వేడికి కరిగిపోయి కుట్లన్నీ ఒకేసారి విడిపోయేలా చేసే దారాలను బెల్జియంకు చెందిన రిసార్టెక్స్ వంటి సంస్థలు తయారు చేస్తున్నాయి. ఇటువంటి ప్యాంటుకు అటువంటి దారం సరిగ్గా సరిపోతుంది.

ఇక సేవ విషయం. దీనిలో నన్ను నిజంగా మెప్పించినది మరమ్మతు. ఏడో నెలలో, తరువాత నేను ఉంచుకున్న ప్యాంటు తొడలు రాసుకొనే చోట పల్చబడి చిరిగింది. పంపిన పదహారు రోజులకు తిరిగి వచ్చింది. చిరుగు వెనుక సన్నని గుడ్డ పెట్టి, నేత దారిలోనే అడ్డంగా నిలువుగా దారం నడిపి, వెలిసిన నీలానికి సరిపడే రంగులో రఫ్ఫు చేశారు. వేలితో తడిమితే తప్ప తెలియదు. దానితో పాటు చేతిరాతతో ఒక చీటీ ఉంది: రెండో వైపు కూడా బట్ట పల్చబడుతున్నట్టు కనిపించిందనీ, చిరగకముందే లోపలి నుంచి బలంగా కుట్టామనీ. చిరగని చోట ముందుగా కుట్టి పంపిన దుకాణం నా అనుభవంలో ఇదే మొదటిది. ఆ చీటీ రాసిన చేతికి నా నమస్కారం.

అయితే ఈ మరమ్మతే పెద్ద ఎత్తున జరగాలంటే ఏమవుతుందో ఆలోచించాలి. కొత్త జీన్స్ కుట్టే చోట ఒక్కొక్కరు ఒక్కో పనే, జేబు కుట్టేవారు జేబులే, జిప్పు కుట్టేవారు జిప్పులే, రోజంతా అదే చేస్తారు కనుక వేగం వస్తుంది. చిరుగుల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ప్రతిదానినీ ఒక మనిషి చేతికి తీసుకొని, వెలుతురులో చూసి, దారం రంగు ఎంచి కుట్టాలి. యంత్రం సంఖ్య పెంచినట్టు ఈ చూపును పెంచలేం. అందుకే మరమ్మతును నిజంగా పట్టుకొని నిలిచిన సంస్థలు దానిని ఖర్చుగా కాక, సొంత వస్తువు మీద నమ్మకాన్ని చాటుకొనే పనిగా చూశాయి. స్వీడన్‌కు చెందిన నూడీ జీన్స్ తన జీన్స్‌ను ఉచితంగా బాగుచేసి ఇస్తుంది. పటగోనియా అనే బట్టల సంస్థ అమెరికాలోని రీనో నగరంలో పెద్ద మరమ్మతు కేంద్రాన్ని నడుపుతోంది. ప్రభుత్వాలు చేయి వేసిన చోట కొంత కదలిక వచ్చింది. 2017లో స్వీడన్ బట్టలు, బూట్లు వంటివాటి మరమ్మతుపై విలువ ఆధారిత పన్నును 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గించింది. 2023 నవంబరు నుంచి ఫ్రాన్స్‌లో బట్టలు, బూట్లు బాగుచేయించుకొనేవారికి బిల్లులోనే కొంత మొత్తం తగ్గుతోంది. ఆ డబ్బు తయారీదారులు తమ అమ్మకాల మీద కట్టే రుసుము నుంచి వస్తుంది. కొత్త బట్ట అమ్మినవారి నుంచే పాత బట్టకు కుట్టుకూలి రాబట్టడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

నా సంస్థ దగ్గర మరమ్మతు చేతులు బాగున్నాయి కానీ, వాటి దగ్గరికి వెళ్ళే దారిని దాచిపెట్టారు. వారి యాప్ తెరవగానే కొత్త రంగులు కనిపిస్తాయి. మరమ్మతుకు దరఖాస్తు చేసే చోటు ఖాతా వివరాల్లో, ఒప్పందం వివరాల్లో, తరచూ అడిగే ప్రశ్నల్లో మూడు మెట్లు దిగితే దొరుకుతుంది. ఏడాదిలో నాకు వచ్చిన 41 సందేశాలలో బాగుచేయించుకొమ్మని గుర్తుచేసినవి రెండు, మిగిలినవాటిలో ఎక్కువ కొత్త రంగుల గురించి.

ఇక్కడి నుంచే చందా షరతులను దగ్గరగా చదవడం మొదలుపెట్టాను. పన్నెండు నెలల చందా మొత్తం కలిపితే ఆ ప్యాంటును నేరుగా కొంటే అయ్యే ధర కంటే కొంచెం ఎక్కువ. అది తప్పు కాదు, మరమ్మతు భారం వారే మోస్తున్నారు కదా. అసలు సంగతి ఏడాది తరువాత ఉంది. పాతది పంపి కొత్తది తీసుకుంటే ఒక నెల చందా మాఫీ, పంపే ఖర్చు వారిదే. పాతది పంపి చందా ముగించుకుంటే పంపే ఖర్చు మనది. ఉన్నదానినే ఉంచుకుంటే మరో నెల చందా కట్టాలి, ఆ రోజుతో ఉచిత మరమ్మతు హక్కు పోతుంది. పాత ప్యాంటునే తక్కువ చందాకు, మరమ్మతు హక్కుతో సహా, మరో ఏడాది కొనసాగించే నాలుగో దారి లేనే లేదు. ఒక బట్టను ఎక్కువ కాలం వాడడమే ఈ వ్యాపారం ఉద్దేశం అయినప్పుడు, ఎక్కువ కాలం వాడాలనుకొనే మనిషికి ఇచ్చిన షరతులు అన్నిటికంటే కఠినంగా ఉన్నాయి. ఏడాదికొకటి మార్చే మనిషికి బహుమతి దక్కుతోంది. రివిట్లు తీసేసి, తోలు తీసేసి, పదేళ్ళు నిలిచే బట్టను రూపొందించినవారి పనిని షరతులు రాసినవారు ఒక్క పట్టికతో కొట్టేశారు.

దీనిని చిన్న విషయంగా చూడలేం. 2017లో వెలువడిన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ నివేదిక ప్రకారం 2000 నుంచి 2015 వరకు ప్రపంచంలో వస్త్రాల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది, ఒక వస్త్రాన్ని పక్కన పెట్టేలోగా తొడుక్కొనే సార్లు 36 శాతం తగ్గాయి. ఈ రెండు అంకెలనూ వెనక్కి తిప్పే వ్యాపారమే సర్క్యులర్ అనిపించుకోవాలి. పటగోనియా 2011 నవంబరు 25న న్యూయార్క్ టైమ్స్‌లో తన జాకెట్ బొమ్మే వేసి 'ఈ జాకెట్ కొనవద్దు' అని ప్రకటన ఇచ్చింది. ఆ తరువాత ఆ సంస్థ అమ్మకాలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఆ నిజాయితీని నేను శంకించను, కానీ ఎక్కువ కాలం వాడమని చెప్పడం కూడా ఎక్కువ అమ్మడానికే తోడ్పడితే, మాట ఒక్కటే చాలదని అర్థమవుతుంది. ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్నదే చూడాలి. నా చందా సంస్థ ఆదాయం కొత్త ప్యాంట్ల సంఖ్యను బట్టే పెరుగుతుంది. అందుకు అనుగుణంగానే వారి సందేశాలూ, వారి రాయితీలూ ఉన్నాయి.

అద్దె పద్ధతి దానంతట అదే పర్యావరణానికి మేలు చేస్తుందన్న నమ్మకానికి కూడా ఆధారం బలహీనంగానే ఉంది. ఫిన్లాండ్‌లోని ఎల్‌యూటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఎన్విరాన్‌మెంటల్ రీసెర్చ్ లెటర్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా జీన్స్‌నే ఉదాహరణగా తీసుకుంది. ఎక్కువ కాలం వాడడం, వాడినది మరొకరికి అమ్మడం, పీచుగా మార్చడం, అద్దెకు తీసుకోవడం మొదలైన మార్గాలను పోల్చినప్పుడు వాతావరణం మీద తక్కువ భారం మోపేది ఎక్కువ కాలం వాడడమేననీ, బట్టను ఇచ్చిపుచ్చుకొనే ప్రయాణాల వల్ల అద్దె భారం అన్నిటికంటే ఎక్కువగా తేలిందనీ ఆ అధ్యయనం చెప్పింది. రవాణాలో వెలువడే కార్బన్‌ను తగ్గిస్తే ఆ ఫలితం మెరుగవుతుంది కూడా. ఈ లెక్కతో నా ప్యాంటును చూసుకున్నాను. వచ్చేటప్పుడు ఒకటి, మరమ్మతుకు రెండు, ఉంచుకోకుండా తిరిగి పంపి ఉంటే మరొకటి, మొత్తం నాలుగు ప్రయాణాలు. ఏడాదికి నాలుగు పెద్ద తప్పేమీ కాదు. వారానికి ఒకటి మార్చే అద్దె సేవల్లో ఆ సంఖ్య ఎక్కడికి పోతుందో పాఠకులే ఊహించగలరు.

అటువంటి సేవల్లో పేరున్న రెంట్ ద రన్‌వే 2009లో అమెరికాలో మొదలైంది. అక్కడి అసలు కర్మాగారం బట్టలు ఉతికి, మరకలు తీసి, ఇస్త్రీ చేసి పంపే చోటే. ఏడాదిలో ఒకటి రెండు సందర్భాలకే అవసరమయ్యే ఖరీదైన దుస్తులకు అద్దె సరైన పద్ధతేనని నాకూ అనిపిస్తుంది. అయినా ఆ వ్యాపారం నిలదొక్కుకోవడానికి ఎంత కష్టపడిందో షేర్ల చరిత్రే చెబుతుంది: 2021 అక్టోబరులో షేరు 21 డాలర్లకు మార్కెట్లోకి వచ్చిన సంస్థ, షేరు ధర బాగా పడిపోవడంతో 2024 ఏప్రిల్‌లో ప్రతి 20 షేర్లనూ ఒకటిగా కలుపుకోవలసి వచ్చింది. లిథువేనియాలో 2008లో మొదలైన వింటెడ్ మాత్రం 2023లో 1.78 కోట్ల యూరోల నికర లాభం చూపింది. అది బట్టను ముట్టుకోదు, ఉతకదు, గోదాములో పెట్టదు, వాడినవారు వాడబోయేవారికి నేరుగా అమ్ముకొనేలా సౌకర్యం కల్పిస్తుంది. బట్టను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకోవలసి వస్తే ఈ వ్యాపారాల్లో లాభం అంతగా కరిగిపోతుంది. నేను చూసిన జీన్స్ చందా ఈ రెండింటికీ మధ్యలో ఉంది, దాని బరువంతా మరమ్మతూ తిరుగు ప్రయాణమూ మోస్తున్నాయి.

తిరుగు ప్రయాణం గురించి చెప్పాలంటే ఓపిక కావాలి. చందా ముగించుకుంటానని చెప్పిన తరువాత పెట్టె నేనే వెతుక్కున్నాను, పంపే ఖర్చు నేనే పెట్టుకున్నాను. నడుము పట్టీ లోపల అచ్చువేసిన క్యూఆర్ గుర్తును ఫోనుతో చూస్తే, ఆ ప్యాంటు చరిత్ర రాదు. పత్తి చేల బొమ్మలతో ఒక ప్రచార పేజీ వస్తుంది. దానిని ఎప్పుడు కుట్టారో, ఎన్నిసార్లు బాగుచేశారో, నా తరువాత ఎవరి దగ్గరికి వెళ్ళిందో చెప్పగలిగేది ఆ గుర్తే కదా. ప్యాంటు ఏమైందని రెండుసార్లు రాశాను. వర్గీకరించిన తరువాత తగిన మార్గంలో వినియోగిస్తామని మొదటి జవాబు, ఏటా ఎన్ని వెనక్కి వస్తున్నాయో చెప్పే అంకె రెండో జవాబు. ఎన్ని మళ్ళీ అమ్మారో, ఎన్ని పీచుగా మార్చారో, ఎన్ని పారేశారో చెప్పే అంకె మాత్రం రాలేదు.

ఈ గుట్టు ఎక్కువ కాలం సాగకపోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులైలో అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ నిబంధనల కింద వస్తువులకు డిజిటల్ పాస్‌పోర్టు, అంటే ఆ వస్తువు వివరాలను ఫోనుతో చూడగలిగే పత్రం, రాబోతోంది. అమ్ముడుపోని బట్టలను, చెప్పులను నాశనం చేయడంపై నిషేధం పెద్ద సంస్థలకు 2026 జులై నుంచి వర్తించేలా పెట్టారు. పాత వస్త్రాలను విడిగా సేకరించే ఏర్పాటు 2025 జనవరి 1 నాటికి సభ్య దేశాలన్నిటా ఉండాలన్న నియమం అంతకు ముందే చేశారు. సేకరించడం తేలిక, సేకరించినదానిని ఏం చేయాలన్నదే చిక్కు. వాడేసిన బట్టల ఎగుమతుల్లో ఎక్కువ భాగం చేరే చోట్లలో ఒకటైన ఘానా రాజధాని అక్రాలోని కంటామాంటో మార్కెట్‌కు వారానికి కోటిన్నర వస్త్రాలు వస్తాయని అక్కడ పనిచేసే ద ఓర్ ఫౌండేషన్ చెబుతూ వచ్చింది. అక్కడి కుట్టుపనివారూ రంగులు అద్దేవారూ వాటిలో పనికొచ్చేవాటిని మళ్ళీ తొడుక్కొనేలా చేస్తున్నారు. సర్క్యులర్ పని అంటే ఏమిటో ఏ నివేదికా చదవకుండా చేసి చూపినవారు వాళ్ళు. అమ్ముడుపోని నాసిరకం బట్ట భారం కూడా వారి మీదే పడుతోంది.

మళ్ళీ పీచుగా మార్చే పని ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో గట్టి జవాబు స్వీడన్‌లో ఉంది. 2012లో ఏర్పడిన రీన్యూసెల్ సంస్థ పత్తి బట్టల వ్యర్థాల నుంచి సర్క్యులోజ్ అనే గుజ్జును తయారు చేసింది. ఆ గుజ్జుతో విస్కోస్ వంటి పీచు తీయవచ్చు. 2022లో సుండ్స్‌వాల్‌లో పాత కాగితపు మిల్లు స్థలంలో ఏడాదికి 60,000 టన్నుల సామర్థ్యంతో కర్మాగారం తెరిచింది. పెద్ద పెద్ద బ్రాండ్లు మద్దతు ప్రకటించాయి. 2024 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసింది. అదే ఏడాది జూన్‌లో ఆల్టర్ అనే పెట్టుబడి సంస్థ దానిని కొని, గుజ్జు పేరైన సర్క్యులోజ్‌నే సంస్థకు పెట్టింది. యంత్రాలు నడవక కాదు, గుజ్జు పనికిరాక కాదు, కొనుగోళ్ళు సరిపడా రాక అది పడిపోయింది. గుజ్జు పీచు తయారీదారుకు వెళ్ళాలి, పీచు నూలు మిల్లుకు, నూలు నేతకు, బట్ట కుట్టే చోటికి, ఆ తరువాతే బ్రాండ్ దగ్గరికి. మామూలు గుజ్జు కంటే దీని ధర ఎక్కువ. ఈ గొలుసులో ప్రతి కొక్కెం దగ్గరా ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. మద్దతు ప్రకటనలో సంతకం చేసిన బ్రాండ్ ఆ తేడాను కొనుగోలు పత్రంలో రాయకపోతే గొలుసు అక్కడే తెగుతుంది. ప్రపంచ పీచు ఉత్పత్తి లెక్కలు వెలువరించే టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచం తయారు చేసిన 12.4 కోట్ల టన్నుల పీచులో రీసైకిల్ చేసినది 7.7 శాతం, అందులోనూ సింహభాగం ప్లాస్టిక్ సీసాల నుంచి వచ్చిన పాలిస్టరే, పాత బట్టల నుంచి వచ్చినది ఒక శాతం కూడా లేదు. కాబట్టి నా ప్యాంటు ఎంత చక్కగా విడదీయగలిగేలా కుట్టినా, దాని కోసం ఎదురుచూస్తున్న యంత్రాలూ, ఆ యంత్రం సరుకును కొంటామని రాసి ఇచ్చినవారూ చాలా తక్కువ. జీన్స్ చందా ఇచ్చే సంస్థ ఈ లోటును ఒంటరిగా తీర్చలేదు. తిరిగి వచ్చిన బట్టను ఎవరు ఎంతకు కొనేలా ఒప్పందం చేసుకుందో చెప్పగలిగితే మాత్రం నేను అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేది.

ఎవరికి ఈ సేవ నచ్చుతుంది? ఒకేసారి మొత్తం డబ్బు పెట్టలేనివారికి, గట్టి పత్తి జీన్స్ తమకు సరిపోతాయో లేదో ఏడాది వాడి తెలుసుకోవాలనుకొనేవారికి, చిరిగితే ఎక్కడ కుట్టించాలో తెలియనివారికి దీనిని నిస్సందేహంగా సూచిస్తాను. రంగు రంగుకూ మార్చాలనుకొనేవారికి సూచించను. వారికి ఇది ఎంతో అనుకూలంగా ఉంటుంది, అదే నా అభ్యంతరం. తీసుకొనేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ఏడాది తరువాత అదే ప్యాంటును మరమ్మతు హక్కుతో కొనసాగించవచ్చా, జేబు గుడ్డ దేనితో నేశారు, వెనక్కి వచ్చినవాటిలో ఎన్ని మళ్ళీ ఎవరో తొడుక్కున్నారు. ఇలాంటి సమీక్షలకు నక్షత్రాలు వేయడం ఆనవాయితీ. ప్యాంటుకు ఐదింటిలో నాలుగు, మరమ్మతుకు ఐదు, షరతులకు ఒకటి, తిరుగు ప్రయాణానికి ఒకటిన్నర వేస్తున్నాను. వీటికి సగటు తీయలేను, తీస్తే ఆ చీటీ రాసిన చేతికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఉంచుకున్న ప్యాంటును ఇది రాసే సమయానికి 164 సార్లు తొడుక్కున్నాను. ఎడమ మోకాలి దగ్గర నీలం వెలిసి తెల్లటి అడ్డపోగులు బయటపడ్డాయి. మరమ్మతుకు పంపుతానని రాస్తే, హక్కు నాకు బదిలీ అయింది కనుక ఉచిత సేవ వర్తించదనీ, ఇష్టమైతే కొత్త చందాతో ఈ సేవను మళ్ళీ పొందవచ్చనీ జవాబు వచ్చింది. ఆ జవాబు కింద మూడు కొత్త రంగుల బొమ్మలు ఉన్నాయి. వాళ్ళు పంపిన పాత రఫ్ఫును తిరగేసి, దారం ఎటు నుంచి ఎటు నడిచిందో చూసుకుంటూ, మోకాలి దగ్గర నేనే కుట్టుకుంటున్నాను, సగం అయింది.